ఖరీదైన బోర్డే కావాలి

ఎక్కి నిలబడి, నీళ్ళ మీద తెడ్డు వేసుకుంటూ పోయే బోర్డులు అమ్మే కొట్టు అది. సరస్సు ఒడ్డునే ఉంది. కారు డ్రైవింగ్ నేర్పే మాస్టారు చంకలో కూతురి బోర్డుతో అందులోకి వచ్చాడు. కొట్టు నడిపే ఆవిడ ఒకప్పుడు ఆయన దగ్గరే కారు నేర్చుకుంది. గొడవ అప్పటికే సగంలో ఉంది.

"కాదమ్మా, డబ్బులు తిరిగిమ్మని నేనడగడం లేదు. దీన్ని నువ్వే ఉంచుకో. మా అమ్మాయికి ఆ పైన వేలాడుతున్నది దించి ఇవ్వు. అంతే."

"అది దీనికి మూడింతల ధర మాస్టారూ."

"తెలుసు. అందుకే అడుగుతున్నా."

"ధర ఎక్కువైతే మంచిదని ఎవరు చెప్పారు మీకు?"

"నువ్వే! పోయిన ఎండాకాలం నాకు ఆ నల్లరంగు బోర్డు అమ్మినప్పుడు."

"నేనా? అది పందేలవాళ్ళది మాస్టారూ, సన్నగా ఉంటుంది, కొత్తవాళ్ళకి ఊగిపోతుంది, వద్దు మొర్రో అని మొత్తుకున్నాను. మీరు వింటేగా! 'నీ కొట్లో అన్నిటికంటే ఖరీదైంది ఏదో అదే తియ్యి' అన్నారు."

"అన్నాను. అంత డబ్బు పోస్తే అదే నన్ను నిలబెడుతుందనుకున్నాను."

"నిలబెట్టిందా మరి?"

"మోకాళ్ళ మీద బాగానే పోతున్నాను."

"మాస్టారూ..."

"ఏం, మోకాళ్ళ మీద పోకూడదని ఎక్కడైనా రాసుందా? అప్పుడప్పుడూ లేస్తాను. లేచానని నాకు తెలిసేలోపే నీళ్ళలో ఉంటాను. ఇంట్లో హాల్లో పరిచి సాధన చేస్తే భేషుగ్గా నిలబడ్డానమ్మా! అద్దంలో చూసుకుని మురిసిపోయాను కూడా. ఇక్కడికొస్తే బాతులు సైతం నన్ను చూసి పక్కకి తప్పుకుంటున్నాయి."

"నవ్వకూడదు గానీ..."

"నవ్వు, నవ్వు. పక్క సీట్లో కూర్చుని 'కంగారు పడకండి, కంగారు పడకండి' అని ఊరందరికీ చెప్పేవాణ్ణి, ఆ బోర్డెక్కితే కాలికింద బ్రేకు వెతుక్కుంటున్నాను. మొన్న నా దగ్గర నేర్చుకునే ఒకాయన ఒడ్డు మీంచి చూసి, 'మాస్టారూ, క్లచ్ ఒక్కసారిగా వదిలేశారా?' అని అరిచాడు. ఇంకేం పరువు మిగిలింది నాకు?"

"నన్ను మాత్రం ఎన్ని తిట్లు తిట్టారో అప్పట్లో!"

"అందుకే నవ్వమంటున్నా. కసి తీర్చుకో."

"అయితే మార్చాల్సింది మీ బోర్డు. ఆ మూలనున్న పసుపురంగుది చూడండి. చవకదే, మంచమంత వెడల్పు. దాని మీద మీరే కాదు, మీ కారు కూడా నిలబడుతుంది."

"నా సంగతి వదిలెయ్ తల్లీ. నేను పడ్డా లేచినా అడిగేవాడు లేడు. నేను పాప కోసం వచ్చాను. పాప పడుతోంది."

"పడుతోందా? అలాగా..."

"నాకంటే ఎక్కువ పడుతోంది. నేనొకసారి పడితే అది రెండుసార్లు. పెరిగే పిల్లకి చవకది చాల్లే అని దానికిది కొన్నాను, నాకు మాత్రం మహారాజు బోర్డు! ఏ తండ్రైనా చేసే పనేనా ఇది?"

"దీనికేం తక్కువ లేదండీ. గట్టి బోర్డు."

"తక్కువ లేకపోతే ఎందుకు పడుతుంది? గోడ మీద నడవమంటే నడిచే పిల్ల అది!"

"అది... గాలి. ఆదివారాలు ఇక్కడ గాలి ఎక్కువ."

"ఆదివారానికి వేరే గాలి వీస్తుందా?"

"పోనీ ఆ పసుపుది ఒక్కసారి ఎక్కి చూడకూడదూ?"

"మళ్ళీ నా మీదకే వస్తావేంటి! ఇదేం వ్యాపారమమ్మా? ఖరీదైంది కొంటానని మనిషి వచ్చి నిలబడితే వద్దు వద్దంటావు, చవకది తీసుకో తీసుకో అంటావు. కొట్టు ఎత్తేస్తున్నావా ఏంటి?"

"పాపకి అక్కర్లేదు అంటున్నాను, అంతే."

"అక్కర్లేదని నీకెలా తెలుసు? నువ్వెప్పుడైనా దాన్ని నీళ్ళ మీద చూశావా?"

"నేనా? లేదు. అంటే... దూరంనుంచి."

"దూరంనుంచి చూసి చెప్పెయ్యకు. ఉన్నమాట చెప్తాను విను. అది వాళ్ళమ్మ దగ్గరుంటుంది. నాకు దొరికేది ఆదివారం ఒక్కటే. ఇదివరకు ఆ ఒక్కరోజూ నేను టీవీ చూసేవాణ్ణి, అది ఫోను చూసుకునేది. సాయంత్రం దింపేసి వచ్చేవాణ్ణి. ఈ బోర్డులు కొన్నాకే మేమిద్దరం మాట్లాడుకోవడం మొదలుపెట్టాం. ఇద్దరం పడతాం, ఒకర్ని చూసి ఒకరం నవ్వుకుంటాం. పోయిన వారం కారు దిగుతూ, 'ఎన్నాళ్ళిలా పడతాం నాన్నా, విసుగొస్తోంది' అంది. నా గుండెల్లో రాయి పడింది. ఇవాళ విసుగంటుంది, రేపు రానంటుంది. అది రాకపోతే ఆదివారం నేనేం చేసుకోనమ్మా? అందుకే ఆ పైన ఉన్నది దించు. ఇంకా ఖరీదైంది ఉంటే అదే ఇవ్వు."

"ఆగండి మాస్టారూ. చెప్పనని ఒట్టేశాను, తప్పేలా లేదు."

"ఎవరికి ఒట్టేశావు?"

"మీ అమ్మాయికి. వాళ్ళ బడి పిల్లల్ని వారం వారం ఇక్కడికి తీసుకొస్తారు, నేనే నేర్పుతాను. సరిగ్గా ఇలాంటి చవక బోర్డు మీదే తను ఆ చివర వంతెన దాకా వెళ్ళి తిరిగొస్తుంది. పడడం నేనెప్పుడూ చూడలేదు. చిన్నపిల్లలకి ఎలా నిలబడాలో చూపించేది కూడా తనే."

"మరి నా దగ్గర... నా దగ్గరెందుకు పడుతోంది?"

"మీరు పడుతున్నారని."

"నన్ను వెక్కిరించడానికా?"

"అయ్యో, ఎంతమాట! మీరొక్కరే పడుతుంటే మీకు చిన్నతనంగా ఉంటుందట. సిగ్గుపడి ఆదివారాలు మానేస్తారేమోనని దాని భయం."

"నేను మానేస్తానా? నేనా?"

"మొన్న వచ్చి నా చెయ్యి పట్టుకుని ఏమందో తెలుసా? 'అక్కా, మా నాన్నని తొందరగా నిలబెట్టవా? ఆయన నిలబడేదాకా నేను పడుతూనే ఉండాలి, ఆ నీళ్ళు ఎంత చల్లగా ఉన్నాయో!'"