అమృతవల్లి ఇనప బాణలి

తిరుపతి, రెండు వేల తొమ్మిది. భార్య అమృతవల్లి పోయిన పదిహేనో రోజు మధ్యాహ్నం దేవనాథన్ మాస్టారు స్కూలుకు వెళ్ళకుండా, ఆమె మేనల్లుడు వాసుదేవ్ నడిపే నెట్ సెంటర్‌కు వచ్చి కూర్చున్నారు. ఏ మాటతో మొదలుపెట్టాలో దారంతా ఆలోచించుకుంటూ వచ్చారు.

“మీ అత్త పోయిన రోజు కూడా ఆ బాణలి అమ్ముడుపోయింది గదా, వాసూ?”

“ఇప్పుడెందుకు మామా ఆ మాటలు. కాఫీ చెప్తా, ఉండండి.”

“కాఫీ వద్దు. పోయిందా, లేదా?”

“రెండు పోయినాయి.”

“రెండా.”

“ఆ రోజు నేను చూడలేదు మామా. తర్వాత చూసినాను. ఆస్పత్రిలో మీతోనే ఉంటిని గదా.”

“ఉంటివి. కాదనలేదు. అదంతా ఎట్ల జరగతాదో చెప్పు. ఎనిమిదో తరగతి పిల్లోడికి చెప్పినట్టు చెప్పు.”

“అత్త వంటల సైట్లో బాణలి అని ఉండే చోట నొక్కితే అంగడికి పోతారు. మన దోవన పోయి కొంటే అంగడోళ్ళు మనకి కమిషన్ ఇస్తారు. ఆ అంగడి అడ్రసు పొడుగ్గా ఉంటాది, దాంట్లో మన నంబరుంటాది. చూసినోళ్ళకి తెలిసిపోతాది. అందుకని...”

“అందుకని?”

“మన సైటు అడ్రసే కనపడేట్టు చేసినా. అందరూ చేసేదే మామా.”

“ముసుగేసినావు.”

“ముసుగంటే... దాంట్లో ఇంకో సులువు కూడా ఉండాది. అత్త అరవై పేజీల్లో బాణలి గురించి రాసింది. అంగడోళ్ళు ఆ సరుకు ఆపేస్తే అరవై చోట్లా దిద్దాల. ఇట్లయితే నేను ఒక్క చోట మారిస్తే అన్నిట్లో మారిపోతాది.”

“మార్చినావు.”

“ఆ ఇనప బాణలి వాళ్ళే ఆపేసినారు మామా.”

“మార్చి ఏం పెట్టినావు?”

“వాసు అన్నా, రెండో సిస్టం కదలడం లేదు.”

“వస్తా ఉండా పెంచలయ్యా.”

“కూర్చో. ఆపి మళ్ళీ ఆన్ చేసుకోమను. మార్చి ఏం పెట్టినావు?”

“నాన్‌స్టిక్‌ది ఒకటి. చూసేదానికి అదీ నల్లగానే ఉండాది.”

“కమిషన్ ఎక్కువా?”

“రెండింతలు.”

“బాణలి దగ్గర మీ అత్త ఏం రాసింది?”

“‘నా ఇంట్లో వాడనిది ఒక్కటీ చెప్పను. ఎవరి దగ్గరా ఏమీ తీసుకోను.’”

“దానికి ముందు. వాడే పద్ధతి.”

“‘ఖాళీ బాణలిని పొగ వచ్చేదాకా కాల్చి, అప్పుడు నూనె పోయండి.’”

“ఇనప దానికని రాసింది.”

“ఆ లైను నేను చదవలేదు మామా. సత్యంగా చదవలేదు. లింకు వరకే చూసినా.”

“బెంగుళూరులో భానుశ్రీ అనే అమ్మాయి చదివింది. చదివినట్టే చేసింది. పూత కాలి, వంటిల్లంతా పొగ కమ్మితే, దగ్గుతా ఉండే చంటిబిడ్డనెత్తుకుని వాకిట్లోకి పరుగెత్తింది.”

“బిడ్డకేం కాలేదని కామెంట్లో రాసింది గదా.”

“ఓ. నువ్వూ చదివినావా.”

“చదివినా.”

“కడకు ఏమడిగింది?”

“మామా...”

“‘ఈ బాణలి నిజంగా మీ ఇంట్లో ఉందా అమ్మా?’ అని అడిగింది.”

“ఆ కామెంటు నేను తీసేసినా. ఒళ్ళు బాగలేని మనిషి, అత్త కంట పడకూడదని.”

“నువ్వు తీసేలోపలే చూసింది. లింకు నొక్కింది. ‘ఇది నాది కాదే’ అనింది. అంతే.”

“నన్ను ఒక్క మాట అడగలేదే. నేనెప్పుడు వచ్చినా ‘తిన్నావా వాసూ’ అనే అనింది.”

“నిన్నెందుకడగతాది? నా బ్యాంకు పుస్తకం చూసింది. చెక్కులు ఎవరి పేరు మీద వచ్చినాయి?”

“మీ పేరు మీద. నాకు పాన్ కార్డు లేదని. సైటు తాలూకు అని అప్పుడే చెప్పినా గదా మామా.”

“చెప్పినావు. అంతకు మించి నేనూ అడగలేదు. పక్క గదిలో ఆమె ‘ఎవరి దగ్గరా ఏమీ తీసుకోను’ అని టైపు చేస్తా ఉంటే, నేను బ్యాంకుకు పోయి చెక్కు వేసొస్తా ఉంటిని.”

“ఆ దుడ్డు అత్త మందులకే గదా పోయింది.”

“ఆ మాట నాకు నేనూ చెప్పుకున్నా. నిలబడలేదు.”

“ఇప్పుడే తీసేస్తా. చూడండి, మీ ముందరే. ఒక్క నిమిషం.”

“తీసెయ్. దాంతో అయిపోదు.”

“వచ్చినప్పట్నించీ జేబు మీద చెయ్యి తీయలేదు. నొప్పిగా ఉండాదా మామా?”

“ఈ కాగితం చదువు.”

“అత్త రాత.”

“పైకే చదువు.”

“‘భానుశ్రీకి, మిగతా అందరికీ. ఆ బాణలి నా ఇంట్లో లేదు. దాన్ని ఖాళీగా కాల్చకండి. నా పేజీ చూసి మీరు కొన్నవాటికి మా ఇంటికి డబ్బు వచ్చింది. నాకు తెలియదని చెప్పి తప్పుకోలేను. తెలుసుకోవలసింది నేనే.’ మామా, ఈ తేదీ... ఇది నెల కిందటిది.”

“ఆస్పత్రిలో పడుకోనే రాసింది. వాసుతో సైట్లో పెట్టించండి అని నా చేతికిచ్చింది.”

“మీరు నాకియ్యలేదే.”

“ఇయ్యలేదు. ‘మా ఇంటికి’ అనే మాట కాడ ఆగిపోయినా. మా స్కూలు పిల్లోళ్ళ అమ్మలు కూడా ఆ సైటు చూస్తారు.”

“అత్త అడగలేదా?”

“రోజూ అడిగింది, పెట్టినాడా అని. పెట్టినాడని చెప్పినా. ఆ అమ్మాయి తిరిగి ఏమన్నా రాసిందా అని అడిగింది.”

“ఏం చెప్పినారు?”

“‘పర్వాలేదమ్మా’ అని రాసిందని చెప్పినా. ఇంకోసారి చెప్పమనింది. చెప్పినా. ఆ రాత్రి బాగా నిద్రపోయింది.”

“మామా, నీళ్ళు తాగండి.”

“ఆమె పోయిన రోజు రెండు పోయినాయన్నావే, వాసూ. ఖాళీగా కాల్చొద్దని ఆ ఇద్దరికీ ఇంకా ఎవరూ చెప్పలేదు.”