తారుమారైన చుష్కా

తను సొంతంగా రాసుకున్న మందుల షాపుల బిల్లింగ్ ప్రోగ్రాము ఒక్కటే ఆయన ఆస్తి. దానికోసమే బల్గేరియా రాజధాని సోఫియాలోని ఒక కాఫీ హోటల్లో, కోడు దానంతటదే రాసిపెట్టే కొత్త ఏఐ పనిముట్టు అమ్మే కుర్రవాడి ఎదురుగా, కొనుగోలు ఒప్పందం ముందు పెట్టుకుని కూర్చున్నాడు.

“ఇంకా డెల్ఫీలోనే రాస్తున్నావా అన్నా? ఆ భాష చచ్చిపోయి చాలా కాలమైంది.”

“చచ్చిందే నాకు తిండి పెడుతోంది. పోయిన నెల నీ పనిముట్టు ఊరికే వాడి చూడమంటే నా ప్రోగ్రాము మీద వాడాను. నా కోడు బయటికేం పోలేదుగా?”

“ఒక్క అక్షరం పోదు. మావాళ్లు కన్నెత్తి చూడరు.”

“అయితే నీ కంప్యూటర్లోనే రాయించు. మందుల బిల్లులో రాయితీ లెక్క.”

కుర్రవాడు రాయించాడు.

“చూశావా, ఎంత చకచకా రాసిందో.”

“ఆ లెక్కకి ఏం పేరు పెట్టిందో చదువు.”

“కాల్చిన చుష్కా... రాయితీకి మిరపకాయ పేరేంటి? పైగా మన బల్గేరియన్ని ఫోన్లలో ఇంగ్లీషు అక్షరాలతో కొట్టేటప్పుడు వేసినట్టే, అక్షరాల బదులు అంకెలేసింది, చ-కి నాలుగు, ష-కి ఆరు.”

“సరిగ్గా చూడు.”

“అవును, చ-కి ఆరుంది. ష-కి నాలుగు.”

“నా ప్రోగ్రాములో ఆ పేరు నేను పెట్టిందే. ఆకలి మీదుండి తిండి పేరు పెట్టాను, అంకెలు తారుమారుగా కొట్టాను, మళ్లీ దిద్దలేదు. మరి దీనికెవరు నేర్పారు?”

“అనుకోకుండా కలిసుండొచ్చన్నా.”

“మిరపకాయ కూడానా?”

కుర్రవాడు కంప్యూటర్ మూసేశాడు. ఆయన సంతకం చెయ్యకుండానే ఒప్పందాన్ని అవతలికి నెట్టాడు. ఇన్నాళ్లూ తన ఒక్కడిదే అయిన ప్రోగ్రాము ఇక ఎందరి చేతుల్లో ఉందో తెలియదు. తప్పు దిద్దకుండా వదిలేసినందుకు ఆయనకు దక్కిందల్లా, దొంగ ఎవరో తెలియడం.