ఆఖరి షాట్

ఆక్లండ్‌లో ఒక ఆఫీసు ముందు కారులో కూర్చుని భర్త స్టీరింగ్ మీద వేళ్లతో దరువేస్తున్నాడు. మహిళా దర్శకులకిచ్చే గ్రాంటు ఇంటర్వ్యూ ముగించుకుని భార్య వచ్చి పక్క సీట్లో కూర్చుంది.

“ఇంతసేపా! పేరు నీది, సినిమా తీసేది నేనని కనిపెట్టేశారా?”

“ఆఖరి షాట్ ఏంటని అడిగారు.”

“నేర్పించాగా! హీరో ఏడుస్తుంటే పెళ్లాం ఓదారుస్తుందని చెప్పావా?”

“ఓదార్చదండీ. హాస్పిటల్లో షిఫ్టు టైమయిందని వెళ్లిపోతుంది.”

“కొంప ముంచావ్! నా కథని చెడగొట్టావ్!”

“వాళ్లకి అదే నచ్చింది. గ్రాంటు ఖాయమన్నారు.”

“హమ్మయ్య! సెట్‌లో నా ఇష్టమొచ్చినట్టు తీసుకుంటాలే.”

“కుదరదు. డైరెక్ట్ చేసేది నేనేనా అని చూడ్డానికి రోజూ మనిషిని పంపుతారట.”

“మరి నేను?”

“కారు తియ్యండి. చీకటి పడేలోపు నేను లొకేషన్ చూసుకోవాలి.”