పెంచలయ్య గొంతులో లేని ముల్లు

ముద్దముద్దకీ చెంబెత్తుతున్నావు, నెమ్మదిగా తిను కిషోరూ, ఎవరూ తరమడం లేదు. పావుగంటలో తినేసి లేవాలంటావా, మీ తడ కంపెనీల సంగతి నాకు తెలీదులే, ఈడ నా ఇంట్లో మటుకు గంట లేదు. బడిగంట వినడం మానేసి నాకు ఇరవై ఏళ్ళయింది. అట్లా నీళ్ళు పోసి ముద్ద దించుకునే మనిషిని చూస్తే నాకు మీ తాత గుర్తొస్తాడు. మీ అమ్మ ఉష వాళ్ళ నాయన, పెంచలయ్య. నువ్వు చూళ్ళా ఆయన్ని, నువ్వు పుట్టేదానికి రెండేళ్ళ ముందే పోయినాడు. గొంతు వల్ల పోలా, అది ముందే చెప్పేస్తున్నా, ఎందుకంటే మన కుప్పంలో, ఈ జాలర్ల పల్లెలో ఎవర్ని కదిలించినా, మెడ్రాసు తీసుకపోయి గొంతు కోయించినారు, దాంతోనే పోయినాడు అంటారు. రెండూ తప్పే. కోసింది గొంతు కాదు, పొట్ట. ఆపరేషన్ అయింది తొంభై మూడు ఫిబ్రవరిలో, మనిషి పోయింది తొంభై తొమ్మిది డిసెంబర్‌లో, అరుగు మీద కూర్చొని ఉండంగా గుండె ఆగి. మధ్యలో ఆరేళ్ళ పది నెలలు. ఆ ఆరేళ్ళూ తిన్నాడు. అంతకుముందు పదకొండేళ్ళు, తిన్నాడనే మాట నేను వాడను.

ఎట్లా మొదలైందంటావా, ఒక పెళ్ళిలో. ఎనభై రెండు, ఎండాకాలం. పాలబొంత చేప వండినారు, దాని ఒంటి నిండా ముళ్ళే గదా, తింటా తింటా ఉన్నవాడు ఒక్కసారి రొమ్ము మీద చెయ్యి పెట్టుకొని లేచి నిలబడినాడు. ముల్లు, అన్నారు అందరూ. నేనూ అన్నా. ఇదే మెట్ట రైతుకి వచ్చుంటే ఆ వారమే డాక్టర్ని చూసేవాడు. మనకి ఆ అవసరం పడలా, మనకి తెలుసు గదా. పాలు మానిన నాటినించీ ముళ్ళు ఏరుకుంటా తినే వాళ్ళం, గొంతులో ఏది అడ్డం తిరిగినా అది ముల్లే, ఇంకోటి అయ్యేదానికి లేదు. అవతల దిబ్బ మీద కుప్పంలో ముల్లు దించే ముసలామె ఒకామె ఉండేది. గొంతు మీద బొటనవేలితో పైనించి కిందికి రాస్తా, "ఉండాదయ్యా, నాకు తగల్తా ఉండాది, అడ్డంగా పడుండాది" అనేది. ఉత్తన్నం ముద్ద ఒకటి మింగించేది. కాసేపటికి తన అరచేతిలో ముల్లు చూపించేది. పదకొండేళ్ళలో మూడు ముళ్ళు దించింది ఆమె. నేను మూడూ చూసినా, ఒకటి బొంతది, ఒకటి జెల్లది, మూడోది ఏ చేపదో నాకు ఇప్పటికీ తెలీదు, కోడి ఎముకేమో కూడా. అదే మాట పెంచలయ్యతో అంటే, "అయ్యవారా, నీకు పుస్తకాలు తెలుసు, నా గొంతు నాకు తెలుసు" అన్నాడు.

మొదట్లో అన్నం ఒక్కటే నిలబడేది. రొమ్ము ఎముక కింద ఆడ నిలబడిపోయేది. లేచి, రెండు చేతులూ పైకెత్తి, మడమల మీద రెండుసార్లు ఎగిరి, నీళ్ళు తాగితే జారేది. కొన్నేళ్ళకి ఆ నీళ్ళు కూడా నిలబడినాయి. పడుకుంటే తిన్నదంతా నోట్లోకి వచ్చేస్తుందని గుడిసె నడిమి గుంజకి, నిట్టాడికి వీపు ఆనించి కూర్చొనే నిద్రపోయేవాడు. నిద్రపోయేవాడు అంటున్నా గానీ, అది నిద్రో కాదో. చెరువులో పడవ మీద కూడా అట్లాగే కళ్ళు సగం మూసుకొని ఉండేవాడు. పులికాట్ నీళ్ళు నడుం లోతు, పొద్దున మంచులో నీళ్ళేవో ఆకాశమేదో తెలీదు, ఆ తెల్లటిదాని మధ్యలో ఈ ఎండిపోయిన మనిషి కర్రతో పడవని తోసుకుంటా పోతా ఉంటే, నాకు బడి వాకిట్లోనించి చూస్తే, మనిషి ముందే పోయినాడు, పడవ అలవాటు కొద్దీ తిరుగుతా ఉంది అనిపించేది. ఇట్లాంటి మాటలు నేను సాధారణంగా అనను. అనిపించింది, చెప్తున్నా.

వరస సంగతి నీకు తెలుసో లేదో, మీ అమ్మ చెప్పుండదు. చెరువులో రొయ్య నడిచే చోట్లు కొన్నే, అందరూ ఒకేసారి వలలు కట్టలేరు, అందుకని వంతులు. వాటినే పాడు అంటాం. పెళ్ళయిన మొగోడికి, ఖాళీ ఉంటే, తలకట్టులో ఒక పేరు, అంటే హక్కుదారుల పట్టీలో. ఏడాదికోసారి ఆ పేర్లు చీట్లు రాసి కుండలో వేసి తీస్తాం, ఎవరికి ఏ చోటు వస్తే అది. రాజుల కాలంనించీ ఉందంటారు మనవాళ్ళు. ఏ రాజంటే ఒక్కరూ చెప్పరు. నేను వెతికినా, వందేళ్ళు దాటి వెనక్కి తీసకపోయే కాగితం నాకు దొరకలా. దొరకలేదు గాబట్టి లేదు అనను, ఉంది అని కూడా అనను. సరే, ఆ చీట్ల దినాన హక్కుదారులంతా ఒకే వరసలో కూర్చొని అన్నం తినాలి. వరస మొదట్లో పెద్దకాపు, అంటే కుప్పానికి పెద్ద. ఆయన చెయ్యి కడిగేదాకా ఎవరూ లేవకూడదు. లేస్తే ఆ ఏడు వాడి చీటీ కుండలో పడదు. రెండేళ్ళు వరసగా పడకపోతే తలకట్టులోంచి పేరే పోతుంది. కొడుకుంటే కొడుక్కి పోతుంది, మీ తాతకి ఉండేది మీ అమ్మ ఒక్కతే. వరసలో అన్నం పూర్తిచెయ్యలేనివాడు నీళ్ళల్లో తాడు పట్టలేడంట, అదీ కారణం. పదేళ్ళు ఎట్లా నెట్టుకొచ్చినాడో తెలుసా, తిన్నట్టే తినేవాడు, రొమ్ములో నిలబెట్టుకొనేవాడు, పెద్దకాపు చెయ్యి కడగంగానే పడవల వెనక్కి పోయి అంతా కక్కేసేవాడు. తొంభై రెండులో నిలబెట్టలేకపోయినాడు. సగంలో లేచినాడు. ఆ ఏడంతా పోలేరమ్మ, మీ అమ్మమ్మ, ఎండుచేపల గంప నెత్తిన పెట్టుకొని సూళ్ళూరుపేట సంతకి నడిచింది. ఇంకొక్క వరస, అంతే. ఆ ఒక్క వరసలో లేవకుండా కూర్చోవాలి. తలకట్టు పుస్తకం రాసేది నేనే, నాకు తెలుసు ఆ పేరు ఎంత సన్నంగా వేలాడతా ఉందో.

అందుకని మెడ్రాసు. నేనే తీసకపోయినా. సున్నంనీళ్ళలాంటి మందు తాగించి, నిలబెట్టి ఫోటోలు తీసినారు. డాక్టరమ్మ ఆ ఫోటోని వెలుతురుకి పెట్టి చూపించింది. ఆహారం గొట్టం పైన సంచిలాగా ఉబ్బి, కింద సన్నంగా సూదిమొనలాగా అయిపోయి ఉంది. పెంచలయ్య చూసి, "గూడబాతు గొంతు మాదిరి ఉండాదే" అన్నాడు, నేలపట్టులో పక్షుల దగ్గర చూస్తాం గదా, ముక్కు కింద ఆ సంచి. ఆమె అరవంలో చెప్పింది, మనకి అర్థమవుతుంది గదా: "కింద కండ బిగుసుకుపోయింది. పొట్టలోకి దారి తెరుచుకోవడం మర్చిపోయింది. ముల్లూ లేదు గిల్లూ లేదు." నేను సంతోషిస్తాడనుకున్నా. మొహం నల్లబడిపోయింది. బయటికొచ్చి బెంచీ మీద కూర్చున్నాడు. తర్వాత అన్నాడు, "మరి ఇన్నేళ్ళూ నేను దేన్ని మోసుకొని తిరిగినట్టు అయ్యవారా? పాలబొంత కనపడితే వలలోంచి తీసి అవతల పారేసినా, పగబట్టి." చేప మీద పగబట్టినందుకు సిగ్గుపడినాడు ఆ మనిషి. ముప్పై ఎనిమిది కేజీలు ఉండాడు ఆ రోజు, తూకం చీటీ నా దగ్గర చాన్నాళ్ళు ఉండేది.

కోత సంగతి ఆమె బొమ్మ గీసి చెప్పింది. బిగుసుకున్న కండని పైనించి నిలువుగా చీలుస్తాం, లోపలి పొరకి తగలకుండా, అప్పుడు దారి దానంతట అది విచ్చుకుంటుంది అని. పెంచలయ్య ఆ బొమ్మని అటూ ఇటూ తిప్పి చూసి, "ఇది అలివి" అన్నాడు. సముద్రం చెరువులోకి వచ్చే నోరు, మన అలివి, ఎండాకాలం ఇసక మేట వేసి మూసుకుంటుంది గదా, మూసుకుంటే లోపల నీళ్ళు కుళ్ళి చేప తేలిపోతుంది. అప్పుడు ఊరంతా పారలు తీసుకొని పోయి గండి కొడతాం. "మళ్ళీ పూడదా అమ్మా?" అని అడిగినాడు. నాకు ఆ డాక్టరమ్మ మీద గౌరవం ఆ జవాబుతోనే వచ్చింది. పూడదు అని చెప్పలా. "కొంతమందికి పూడుతుంది. కొంతమందికి తెరిచిన దారిలోంచి పులుపు పైకి తంతుంది. నువ్వు చాలా నీరసంగా ఉన్నావు, బల్ల మీదనించి లేవకపోవడం కూడా ఉంది. చెయ్యకపోతే ఈ ఏడు దాటవు." పెంచలయ్య తల ఊపినాడు. ముందు రెండు రోజులు ముక్కులోంచి గొట్టం వేసి ఆ సంచి కడిగినారు, మూడు రోజుల కిందటి మెతుకులు వచ్చినాయి. లోపలికి తీసకపోయేముందు నా చెయ్యి పట్టుకొని ఏమడిగినాడో తెలుసా. బిడ్డని చూసుకో అంటాడనుకున్నా. "నేను లేవకపోతే పుస్తకంలో నా పేరు మీ చేత్తోనే కొట్టెయ్యండి అయ్యవారా. ఇంకోళ్ళ చేత కొట్టించవద్దు." ఊ అన్నా.

అయిదు గంటలు పట్టింది. బొడ్డు పైనించి రొమ్ము ఎముక దాకా కోత. మత్తులో ఒక కల వచ్చిందంట ఆయనకి. అలివి తెరుచుకొని ఉందంట. తను మధ్యలో నిలబడి ఉండాడంట, పడవ లేదు, వల లేదు, సముద్రం చల్లగా పిక్కల మధ్యలోంచి లోపలికి పోతా ఉందంట, చేపలు గుంపులు గుంపులుగా కాళ్ళకి రాసుకుంటా పోతా ఉండాయంట, ఒక్కదాన్నీ పట్టాలనిపించలేదంట. ఎండ ఉంది గానీ సూర్యుడు లేడంట. ఎంత సేపు నిలబడినాడో తెలీదు, పోలేరమ్మ గట్టు మీదనించి పిలుస్తా ఉంటే, ఇంకాసేపు, ఇంకాసేపు అన్నాడంట. నాకు ఈ కల మూడుసార్లు చెప్పినాడు. ఒకసారి నీళ్ళు పిక్కల లోతు, ఒకసారి మోకాళ్ళ లోతు, చివరిసారి నడుం దాకా. నేను అడిగినా, ఏది నిజం పెంచలయ్యా అని. "నీళ్ళు వస్తా ఉండాయి గదా అయ్యవారా, లోతు ఒకటే ఎట్లా ఉంటాది" అన్నాడు. సాక్ష్యం కింద అది నిలవదు. కానీ నేను ఇన్నేళ్ళలో ఎన్నో సాక్ష్యాలు మర్చిపోయినా, దీన్ని మర్చిపోలా.

వారానికి పైగా నరంలోకి ఎక్కించే బాటిలు నీళ్ళే. తర్వాత జావ, స్పూన్లతో. మూడు వారాలు ముద్ద ముట్టుకోకూడదు, కోత లోపల మానాలి అని గట్టిగా చెప్పి పంపించింది ఆమె. చీట్ల దినం చూస్తే సరిగ్గా పంతొమ్మిదో రోజున పడింది. వద్దు అన్నా నేను, రెండు రోజులు వెనక్కి జరపమని పెద్దకాపుని అడుగుతా అన్నా. పోలేరమ్మ నా మీద లేచింది, "అడుక్కున్న పాడు మాకొద్దు అయ్యవారా, మింగితే మింగుతాడు, లేకపోతే లేదు." కుట్లు విప్పిన పొట్టకి తుండుగుడ్డ చుట్టుకొని వచ్చి వరస చివర కూర్చున్నాడు. అందరి ఆకుల్లో అన్నం, చేపలపులుసు. ఆయన ఆకు మీద సత్తు గిన్నెలో జావ. పక్కనున్న చిన్నపోలయ్య ఊరుకోడు గదా, "జావ అన్నం కింద లెక్కా, బాలింత తిండి లాగుండాదే" అన్నాడు. ఎవరూ నవ్వలా. అందరూ పెద్దకాపు ముత్యాలయ్య వైపు చూసినారు. ఆయన మంచివాడని నేను చెప్పను. ఆయన రెండో కొడుక్కి ఆ ఏడే పెళ్ళయింది, తలకట్టులో ఖాళీ కోసం చూస్తా ఉండాడు, పెంచలయ్య పేరు పోతే పడేది వాడి పేరే. ఆయన ఒకటే అన్నాడు: "బియ్యంతో చేసిందే గదా. తిననీ."

అందరూ తినేసినారు. పెంచలయ్య నాలుగో స్పూన్‌లో ఉండాడు. ఒక స్పూను నోట్లో పెట్టుకొని, కళ్ళు మూసుకొని, అది దిగేదాకా ఆగి, ఇంకోటి. ముత్యాలయ్య చెయ్యి కడగలా. ఆకులో మెతుకు లేదు, ఎంగిలి చెయ్యి మోకాలి మీద పెట్టుకొని చెరువు వైపు చూస్తా కూర్చున్నాడు. ఆయన కడగలేదు గాబట్టి ఎవరూ లేవలా. ఇరవై ఆరు మంది, నేను లెక్కపెట్టినా. పులుసు చేతుల మీద ఎండిపోయింది. నీడ ఇటునించి అటు తిరిగింది. ఎవరో దగ్గినారు, ఎవరో కాలు మార్చుకున్నారు, చిన్నపోలయ్య కునుకు తీసినాడు కూడా. కొడుకు వెనకనించి వచ్చి, "నాయనా, గాలి తిరగతా ఉండాది, ఇంక లేద్దామా" అంటే, ముత్యాలయ్య తల తిప్పకుండా, "నేనింకా చెయ్యి కడగలా" అన్నాడు. ఎందుకు చేసినాడో నేను తర్వాత అడిగినా, చెప్పలా. నియమం కోసమో, మనిషి కోసమో. నేను ఊహించి చెప్పను. గంటంబావు పట్టింది ఆ గిన్నెకి. అడుగున వేలు పెట్టి తుడిచి నాకినాడు, గిన్నె బోర్లించి చూపించినాడు. అప్పుడు ముత్యాలయ్య చెంబు అందుకున్నాడు.

చీటీ నేనే రాసి కుండలో వేసినా, పెంచలయ్య అని, పూర్తి పేరు. తీస్తే వచ్చింది ఉత్తరపు మూల, చవుడు మేట వేసిన చోటు, అందర్లోకీ చెడ్డ పాడు. ఆ ఏడు ఆడ రొయ్య పడలా, అదీ చెప్పాలి గదా. పోలేరమ్మ కొంగు నోట్లో పెట్టుకుంది. నేనే ఏదో ఊరడించబోయినా, వచ్చే ఏటికి మంచిది వస్తుందిలే అని. ఆయన నా మాట వింటే గదా. పొట్ట మీద గుడ్డ సవరించుకుంటా, పరాయి ఊర్లో దారి అడిగేవాడి మాదిరి నా మొహంలోకి చూసి, "అయ్యవారా, మళ్ళీ ఆకలేస్తా ఉండాది" అన్నాడు.

ఊ, నువ్వు తిను.

ఆ తలుపు కొంచెం దగ్గరికి వెయ్యి నాయనా, ఎండ నీ ఆకు మీదికి వచ్చేసింది.