నిలబడ్డ కారు చెప్పని సంగతి

2008 అక్టోబరు ఆరో తేదీ ఉదయం సదాశివం గారు షెఫీల్డ్‌లోని తమ టైర్ల వర్క్‌షాపు తెరవడానికి వచ్చేసరికి, పద్మనాభం గారు పక్కనున్న టేకవే హోటలు వాళ్లనడిగి తెచ్చిన చీపురుతో గుమ్మం ముందు తడి ఆకులు ఊడుస్తున్నారు. వారు ఉద్యోగంలో చేరిన రోజు అదే. ఆకుల మీద టైరు జారుతుందని మాత్రం చెప్పి, చివరిదాకా ఊడ్చిన తరువాతే లోపలికి అడుగుపెట్టారట.

కాకినాడ బస్సు డిపోలో మెకానిక్‌గా చిరకాలం సేవలందించి, నర్సుగా ఇక్కడి ఆసుపత్రికి వచ్చిన సతీమణి శాంత గారి వెంట యాభై నాలుగో ఏట ఈ దేశం చేరిన పద్మనాభం గారికి, కంప్యూటరు తెర మీద చక్రాల అలైన్‌మెంట్ సరిచేయడం కొత్త విద్య. తమకంటే ఎంతో చిన్నవారి పక్కన నిలబడి, తెలియనిది తెలియదని అడిగి నేర్చుకుని, రెండేళ్లలో ఆ విభాగం బాధ్యత స్వీకరించారు.

వారి పట్టుదలకు అసలు పరీక్ష 2011 శీతాకాలంలో ఎదురైంది. మత్తు డాక్టరు ప్రఫుల్ల గారు ముచ్చటపడి కొనుక్కున్న రెండు సీట్ల స్పోర్ట్స్ కారుకు వెనక ఎడమ టైరు లోపలి అంచు ఒక్కటే నున్నగా అరిగిపోయేది. బయటి అంచు చూస్తే కొత్త టైరే. పద్మనాభం గారు కంపెనీ చెప్పిన కొలతలకు చక్రాలు సరిచేశారు. తెర మీద అంకెలన్నీ ఆకుపచ్చగా వచ్చాయి. కొన్ని నెలలకు మళ్లీ అదే అరుగుదల. మళ్లీ సరిచేశారు, మళ్లీ అరిగింది. ఈసారి కొండదారి మలుపులో కారు జారింది కూడా.

"అంకుల్, వానలో వెనక భాగం నా మాట వినలేదు. నైట్ డ్యూటీకి దీన్ని నడపనా, వద్దా?" అని ఆమె అడిగారు.

"వద్దమ్మా. నేను నడపమనేదాకా తాళం నా దగ్గరే ఉంటుంది."

ఇంకోసారి గురి తప్పితే ఆ పిల్ల ప్రాణం మీదికి వస్తుందని, కారును షోరూముకు పంపేద్దామని సదాశివం గారన్నారు. పద్మనాభం గారు సోమవారం దాకా గడువు అడిగారు. ఆ వారమంతా ప్రఫుల్ల గారిని తమ పాత కారులో ఆసుపత్రికి దింపి వచ్చారు. డాక్టరమ్మ దగ్గర డ్రైవరుగా కుదిరారా మాస్టారూ అని సహోద్యోగి గణేశ్ ఆటపట్టిస్తే, నవ్వకుండా ఆ టైరు అంచును అరచేత్తో తడుముతూ ఉండిపోయారు.

ఆదివారం మధ్యాహ్నం వారు భోజనం చేస్తుండగా, శాంత గారు చక్రాల సంచీ లాక్కుంటూ బజారు నుంచి వచ్చారు.

"చూడండి దీని వరస. నిలబెడితే ఎంతో బుద్ధిగా ఉంటుంది. లాగితే చాలు, చక్రం పక్కకి పోతుంది."

పులుసన్నం కలుపుతున్న చెయ్యి ఆగింది. కంచం అలాగే వదిలి, చెయ్యి కడుక్కుని, కోటు తగిలించుకుని వెళ్లిపోయారు. వర్క్‌షాపులో కారును పైకెత్తి, వెనక చక్రాన్ని పట్టి ఉంచే ఇనుప ఆర్మ్‌ను పొడవాటి కడ్డీతో గట్టిగా లాగి చూశారు. దాన్ని కదలకుండా పట్టి ఉంచే లోపలి రబ్బరు బుష్ చీలి ఉంది. కారు నిలబడినంతసేపూ చక్రం సరైన కొలతలోనే ఉంటుంది. పరుగందుకుని బలం పడగానే బయటికి తిరుగుతుంది.

"నిలబడ్డ కారునే నమ్మానండి. పొరపాటు నాది, దిద్దేదీ నేనే" అని మర్నాడు సదాశివం గారితో అన్నారు.

బుష్ మార్చి, కొలతలు తిరిగి పెట్టి, వాన కోసం ఆగారు. షెఫీల్డ్‌లో అందుకు ఎక్కువసేపు ఆగనక్కరలేదు. ప్రఫుల్ల గారి పక్కన తామే కూర్చుని, అదే కొండదారిన వెళ్లి వచ్చాకే తాళం ఆమె చేతికిచ్చారు. ఆ తరువాత టైరు రెండంచులా సమంగా అరిగింది.

నాటి నుంచి మన వర్క్‌షాపులో నాలుగు చక్రాలనూ కడ్డీతో లాగి చూడనిదే కొలత యంత్రం తగిలించరు. గణేశ్ దీనికి మాస్టారి కసరత్తు అని పేరు పెట్టారు గానీ, కొత్తగా చేరినవారికి మొదట దాన్ని నేర్పేది మాత్రం తానే.

ఈ 2019 సెప్టెంబరు నెలాఖరుతో పదవీ విరమణ చేస్తున్న పద్మనాభం గారు శాంత గారితో కూడి సంపూర్ణ ఆరోగ్యంతో, చేతిలో సత్తువతో, కంటిలో ఇదే చురుకుతో నిండు నూరేళ్లు వర్ధిల్లాలని మనసారా ఆకాంక్షిస్తున్నాం.

పోయిన ఆదివారం వారింట మనందరికీ విందు. ఇప్పటికీ ఆ కారే నడుపుతున్న ప్రఫుల్ల గారు, ఇకమీదట నా కారు ఎవరు చూస్తారు అంకుల్ అని అడిగారు. పద్మనాభం గారు కాఫీ కప్పు కింద పెట్టి, కిటికీలోంచి వీధిలోని కారు వెనక చక్రం వైపు చూశారు. గూట్లోని టార్చిలైటు అందుకుని, ఇంట్లోంచి బయటికి నడిచారు.