అందరినీ గదిలోకి పిలిచిన మేడమ్

సభాధ్యక్షులు, కళాశాల ఛైర్మన్ గారికి, ప్రిన్సిపాల్ గారికి, ముందు వరుసలోని పెద్దలకు, వెనక వరుసల్లో ఫోన్లు చూసుకుంటున్న విద్యార్థి మిత్రులకు, ఈ రోజు పదవీ విరమణ చేస్తున్న మన మేడమ్‌కి నమస్కారం. విలేకరికి మైకిస్తే ప్రశ్నలు అడగడమే తప్ప ప్రసంగం చేతకాదు. అయినా పిలిచారు కాబట్టి భరించాలి.

ప్రైవేటు కాలేజీలో ఫీజు సాయం కావాలంటే ఆ సాయం చూసే మేడమ్ గది ముందు నిలబడాలి, నిలబడితే చూసినవాళ్లందరికీ సంగతి తెలిసిపోతుంది. అందుకని మేడమ్, కార్లో వచ్చేవాళ్లనీ బస్సు దిగి నడిచొచ్చేవాళ్లనీ, క్లాసులో ఒక్కరిని కూడా వదలకుండా లోపలికి పిలిచి తలుపు వేసేవారు. కొందరికి ఫీజు మాఫీ, కొందరికి వాయిదాలు, మిగతావాళ్లకి మార్కుల గురించి చీవాట్లు. బయటికొచ్చిన మొహం చూసి ఎవరికి ఏది దక్కిందో చెప్పడం కష్టం. చీవాట్లు తిన్నవాళ్లే ఎక్కువ హుషారుగా కనిపించేవారు. (నవ్వులు)

మా అమ్మాయికీ పిలుపొచ్చింది. సాయంత్రం ఇంటికొచ్చి, "నాన్నా, నీ జీతంతో ఇల్లు గడుస్తోందా అని మేడమ్ అడిగారు" అంది. ఏం చెప్పావే అంటే, "అమ్మనడగమన్నాను" అంది. (నవ్వులు) మా ఆవిడ మూడో వరుసలో ఉంది. నవ్వు ఆపుకోనక్కర్లేదు, ఇంట్లో ఎలాగూ నవ్వుతూనే ఉంటుంది.

వృత్తిరీత్యా నేను మేడమ్‌తో వాదించాను కూడా. సాయం పొందిన ఒక్కరి పేరు, ఫోటో ఇస్తే పేపర్లో నా కథ నిలబడుతుందన్నాను.

"నిలబడేది మీ కథండీ. రేపు క్లాసులో కూర్చోవాల్సింది ఆ పిల్ల" అన్నారు.

ఫోటో లేకుండానే రాశాను. లోపలి పేజీలో మూలకి వేశారు. కొంపలేం మునగలేదు, అది చదివి ఇద్దరు దాతలు ఫోన్ చేశారు.

ఛైర్మన్ గారూ, ఇప్పుడు చనువు తీసుకుని ఒక మాట. మేడమ్ పేరుతో మీరు సహాయనిధి పెడుతున్నారు, సంతోషం. చప్పట్లు కొట్టదగ్గ పని, కొట్టండి. (చప్పట్లు) కానీ నా తర్వాత, తొలి సాయం అందుకునే అమ్మాయిని వేదిక మీదికి పిలుస్తారని ఆహ్వానపత్రంలో ఉంది. ఫోటో కోసం చేయించిన తలుపంత చెక్కు బొమ్మ బట్ట కప్పుకుని ఆ తెర పక్కనే నిలబడి ఉంది. దాని మీద పేరు ఎంత లావు అక్షరాల్లో ఉంటుందో నేను ఊహించగలను. ఆ అమ్మాయెవరో నాకు తెలియదు. ఈ హాల్లోనే ఎక్కడో గుండె చిక్కబట్టుకుని కూర్చుని ఉంటుంది. నేను ఇంతసేపు సాగదీయడానికి కారణం అదే. (నవ్వులు)

మీ ఉద్దేశం మంచిది, కాదనను. సొమ్ము కాలేజీ ఖాతాలో పడితే ఫీజు కట్టినట్టే, దానికి బొమ్మ అక్కర్లేదు. ఫోటోకి మీరున్నారు, మేడమ్ ఉన్నారు. మీ ఇష్టం.

(విరామం)

ఛైర్మన్ గారు ఎవరికో సైగ చేశారు. చెక్కు బొమ్మ బట్టతో సహా లోపలికి వెళ్తోంది. (చప్పట్లు) చాలా థాంక్సండీ, మీ మీద రాయాల్సిన వార్త ఒకటి తగ్గింది.

నా మాటలు ఓపిగ్గా విన్న అందరికీ కృతజ్ఞతలు. మేడమ్ కోసం ఇప్పుడు అందరం ఒకసారి లేచి నిలబడదాం. అమ్మా, నువ్వెవరో గానీ నువ్వూ లేవొచ్చు. ఇంతమందిలో ఎవరూ గుర్తుపట్టరు.

ఇక నాకు సెలవిప్పించండి.