సప్పిడి ముక్కు, ఉనాయ్ వేడినీళ్లు

"నాయనమ్మా, వీడియో కాల్‌ల సూరత్ నాయనమ్మ కనబడంగనే నీ ముక్కు తెచ్చి ఫోనుకు ఆనిస్తవెందుకు? అందరూ నవ్వుతుంటారు. రికార్డు పెట్టిన, చెప్పు."

నవ్వెటోళ్లను నవ్వనియ్యి బిడ్డా, నాకేం పోయింది. ముందుగాల నీ పసిగుడ్డు మెడ కింద చెయ్యి పెట్టు. ఆ, గట్ల. నూనె ఇంకనియ్యి. నీళ్లు కాగేదాకా చెప్త. ఏందీ, "నవ్వుతుంటారు" అన్నవా? "నవ్వుతుంటరు" అనేటిదానివి. కోదాడకు కోడలై పోయి ఎన్నొద్దులైందని, అప్పుడే మాటకు దీర్ఘాలొచ్చినయ్. తప్పేం లేదు తియ్యి, ఏ నీళ్లు తాగితే ఆ మాట. మా అక్కకు గూడ అదే అయింది. నీది కోదాడ, పొద్దున పోయి పొద్దుమీకి వస్తవ్. మా అక్కది సూరత్ అయిపాయె.

మా అక్క అంటే నాకు అమ్మ తర్వాత అమ్మ. మాది ఆత్మకూరు గదా. మా అమ్మ తెల్లారకముందే నాట్లకో కలుపుకో పోతుండె. నన్ను సాదిందంతా అక్కనే. నాకంటె ఎంత పెద్దదంటే... పదేండ్లు, కాదు కాదు, ఇంకా ఎక్కువనే ఉంటది, అప్పుడు ఎవలు రాసిపెట్టిండ్రు. కాగుల నీళ్లు కాగబెట్టి, కాళ్లు సాపుకొని కూసొని, నన్ను కాళ్ల మీద బోర్లేసుకొని నీళ్లు పోస్తుండెనట. నా ముక్కేమో పుట్టుకతోనే సప్పిడిది. సూడు, ఇప్పటికీ కండ్లద్దాలు నిలవయి, జారిపడ్తయి. నీళ్లు పోసుడైనంక తడిచేత్తోని ముక్కు దూలం పట్టి గుంజుతుండె. "లేవే సప్పిడీ, లేవ్" అనుకుంట. పసిపిల్లప్పుడే గాదు, నేను బడికి పోయే వయసుల గూడ గుంజింది. నేను ఏడుస్త, ఆమె నవ్వుతది. ఊరందరికి నేను ముత్తమ్మను, మా అక్క ఒక్కదానికే సప్పిడిని. ఆకరుకు దోసిట్ల నీళ్లు పట్టి తల సుట్టు తిప్పి పారబోసి "శ్రీరామరక్ష, నూరేండ్లు బతుకు" అంటుండె. అది అందరు అనేదే అనుకో.

ఆమె పెండ్లయినంక మా బావ ఆమెను తోలుకొని సాంచాల పనికి సూరత్ పోయిండు. సాంచాలంటే కరెంటు మగ్గాలు. గాడ మనోళ్లు శానమంది ఉన్నరు, గల్లీకి గల్లీ మనదే. మొదట్ల అక్క ఏడాదికోపారి వస్తుండె. వచ్చినప్పుడల్లా నాకొక చీర, మెరుస్తుండె గని ఒంటికి అంటుకుంటుండె, ఎండకాలం కట్టలేం. నేను అప్పటికి మిర్యాలగూడల రైసు మిల్లుల పనిచేస్తున్న, మీ తాత అక్కడనే హమాలీ. ఆ ముచ్చట మల్ల చెప్త... ఏం చెప్తున్న? ఆ, అక్క. తర్వాత పిల్లలు, పిల్లల పిల్లలు, రాకడ తగ్గింది. బావ పోయిండు. ఫోన్ల మాటలే మిగిలినయ్. ఆ మాటల గూడ తెలుగు తగ్గుకుంట వచ్చింది.

మొన్నటేడు మీ శీను సిన్నాయిన, అదే మా అక్క కొడుకు, ఫోన్ చేసిండు. "సిన్నమ్మా, అమ్మ మనుషులను గుర్తుపడ్తలేదు. నన్నే ఒక్కోపారి వాచ్‌మన్ అనుకుంటది. ఒకసారి వచ్చి సూసిపో" అన్నడు. నాకు కాలు నిలవలే. మీ నాయినను పట్టుకొని రైలెక్కిన. రైలుల ఉన్నంత సేపు నాది ఒకటే లెక్క. ఎవల్ని మర్సినా నన్ను మర్సిపోదు. కన్న కొడుకును మర్సిపోతే మర్సిపోయింది గని నన్నెట్ల మరుస్తది? ఒక్కపారి సప్పిడీ అంటె సాలు, అక్కడినుంచే తిరుగు రైలెక్కుత అనుకున్న.

పోయినం. మంచం మీద కూసున్నది. ఎంత సన్నగైంది. దగ్గర కూసొని చెయ్యి పట్టుకున్న. నా దిక్కు జూసి "తమే కోణ్?" అన్నది. మీ నాయినేమో "పెద్దమ్మ కోన్ ఐస్‌క్రీం అడుగుతున్నది" అని చెప్పులేసుకొని ఉరికిండు. తెచ్చిండు గూడ, రెండు. అప్పుడు శీను భార్య సుజాత చెప్పింది, అది గుజరాతీల "మీరెవరు" అనుడట. మీరు. నువ్వు గూడ గాదు. మా అక్క నన్ను మీరు అన్నది బిడ్డా. ఆ ఐస్‌క్రీం కరిగి నా చీర మీద పడ్డా నాకు సోయి లేదు.

ఇగ ఉన్నన్ని రోజులు నేను చెప్పని ముచ్చట లేదు. ఆత్మకూరు అన్న, మా అమ్మ పేరు చెప్పిన, మామిడికాయ తొక్కు నాలిక మీద పెట్టిన. తొక్కు మంచిగ తిన్నది. నన్ను జూసి మల్ల "తమే కోణ్?" ముక్కు సూపెడ్దామంటె ఏదో సిగ్గనిపిచ్చింది. అడిగి పిలిపిచ్చుకుంటె అది పిలుపెట్లయితది?

ఒకనాడు శీను కారు తీసిండు. అక్కను మెల్లగ ఎక్కిచ్చిండు, నన్ను, సుజాతను పక్కన కూసోబెట్టిండు.

"యాడికి పోతున్నం శీనూ?" అన్న.

"ఉనాయ్, సిన్నమ్మా."

"ఏమున్నయ్?"

"ఉనాయ్."

"అదే, ఏమున్నయ్ అనే అడుగుతున్న."

"వేడినీళ్లు."

"ఇంట్ల లేవా వేడినీళ్లు? గీజరున్నది గదా."

మీ నాయిన ముందల సీట్ల పొట్ట పట్టుకొని నవ్వుతుండు. నాకేమో తలకాయ తిరిగిపాయె. శానసేపటికి తెలిసింది, ఉనాయ్ అనేది ఊరి పేరట. ఊరికి ఆ పేరేందో. మనూరి పేరు లేవు, రావు అని పెట్టుకుంటమా చెప్పు.

తొవ్వల ముందుగాల నేషనల్ పార్కు అన్నడు. పార్కు అంటే మన సూర్యాపేటల లెక్క పిల్లలు జారే బండ, సిమెంటు బల్లలు ఉంటయనుకున్న. దిగి సూస్తే అడవి. టేకు చెట్లు, బొంగులు, మనిషి అలికిడి లేదు. "నేషనల్ అంటే దేశమంత పెద్దదా?" అంటే "శాన చిన్నది సిన్నమ్మా" అన్నడు. చిన్నదాన్ని గట్లెందుకన్నరో నాకు ఇప్పటికీ సమజ్ కాలే. గేటు కాడ చిరుతపులి బొమ్మ ఉన్నది. "పులేది?" అంటే "ఉంటది, కనబడదు" అన్నడు. కనబడనిదానికి గేటెందుకు, టికెటెందుకు బిడ్డా? లోపటికి పోయినం, పులీ లేదు గిలీ లేదు. ఒకకాడ రెండు చెట్ల నడుమ అరచెయ్యంత సాలెపురుగు గూడు కట్టింది. ఎండ పడి ఆ దారాలు పసుపుపచ్చగ మెరుస్తున్నయ్. అక్క ఆగిపోయింది. ఏలు సాపి "ధాగా" అన్నది. దారమట. బతుకంత సాంచాల నడుమ గడిపింది గదా, తెగిన దారం కనబడితె అతికే చెయ్యి అది. మీ నాయిన, శీను సంబురపడ్డరు, యాదికొస్తున్నది యాదికొస్తున్నది అని. నేను గూడ నవ్విన. సాలెపురుగు యాదికొచ్చింది, నేను రాలే.

అక్కడికి దగ్గర్లనే ఆ ఉనాయ్. అమ్మవారి గుడి, గుడి పక్కన గుండం. పొయ్యి మీద కాగు ఉన్నట్టు నీళ్ల మీదికెల్లి పొగలు. నేను మిల్లు మనిషిని గదా, వడ్లు ఉడికే కాడ పనిచేసినదాన్ని. పొగ జూడంగనే బాయిలర్ యాడున్నదని సుట్టూ తిరిగి సూసిన. గొట్టం లేదు. ఊక కుప్ప లేదు. "అడుగున మంట ఎవలు పెడ్తున్నరు, ఊక యాడ పోస్తున్నరు?" అని సుజాతను అడిగిన. "ఎవరూ పెట్టరు చిన్నత్తమ్మా, భూమిలకెల్లే గట్ల వస్తయ్" అన్నది. సీతమ్మ తల్లి ఈడ స్నానం చేసి "హూఁ నాహీ" అన్నదట, వాళ్ల భాషల నేను స్నానం చేసిన అనుడట, అదే ఉనాయ్ అయిందట. నేను దండం పెట్టిన గని, ఊక లేకుంట నీళ్లెట్ల కాగుతయో నా మనసు పట్టలే. ఇప్పుడు గూడ పడ్తలేదు.

ఆడోళ్లకు పక్కన వేరే తావు. ఎవలి చెంబు వాళ్లదే, ఎవలి సబ్బు వాళ్లదే. అక్కను మెట్టు మీద కూసోబెట్టిన, నేను కింది మెట్టు మీద కూసొని ఆమె కాళ్ల మీద పోద్దామని చెంబు ముంచిన. అక్క ఏం చేసింది, నా చేతిలకెల్లి చెంబు తీసుకున్నది. నీళ్లల్ల చెయ్యి తిరగేసి పెట్టింది, గిట్ల, అరచెయ్యి కాదు, ఈ ఎనుక దిక్కు. పసిపిల్లల నీళ్లు సూసేటట్టు. కాళ్లు సాపింది. నా నెత్తి మీద పోసింది. ఒక చెంబు, ఇంకో చెంబు. నేను కండ్లు మూసుకున్న, నీళ్లకు గాదు, తెరిస్తె ఏడ ఆపేస్తదో అని. తడి చెయ్యి వచ్చి నా ముక్కు దూలం పట్టింది. గట్టిగ గుంజింది. "ఇంకా లేవలేదేందే సప్పిడీ" అన్నది.

తెలుగులనే అన్నది బిడ్డా. మన ఆత్మకూరు తెలుగుల. దోసిట్ల నీళ్లు తిప్పి పారబోసి శ్రీరామరక్ష గూడ అన్నది. నేను అక్క మోకాళ్ల మీద తలకాయ పెట్టి ఏడ్సిన. ఏడుపో నీళ్లో ఎవలికి తెలుస్తది, అందరం తడిసే ఉన్నం.

ఇగ బయటికొచ్చినం. చీర మార్సి, కొప్పు ముడిసి, బొట్టు పెడుతున్న. నా మొఖంల మొఖం పెట్టి సూసింది. నేను గూడ సూసిన. "తమే కోణ్?" అన్నది.

అగో, ఇప్పుడు చెప్పు. గుర్తుపట్టిందా, పట్టలేదా? మీ నాయిన పట్టింది అమ్మా అంటడు, నా మనసు కోసం అంటున్నడో ఏమో. సుజాతేమో "పక్కింటి పిల్లల ముక్కులు గూడ గట్లనే గుంజుతది చిన్నత్తమ్మా, చేతికి అలవాటు" అన్నది. మంచిదే ఆ పిల్ల, మాట మనసుల దాసుకోదు. వాళ్లను గూడ సప్పిడీ అంటదా అని నాలిక చివరిదాకా వచ్చింది. అడగలే. అడిగితె అవునంటదేమో అని అడగలే. ఒకపారి పట్టింది అనిపిస్తది, ఒకపారి ఆ చెయ్యి పట్టింది గని ఆమె పట్టలే అనిపిస్తది. మంట లేకుంట నీళ్లు కాగినప్పుడు, మనిషి లేకుంట మాట రాదా ఏంది?

అందుకే ముక్కు ఆనిస్త. మొఖం తెల్వకపోతె పోనీ, ముక్కన్న తెలుస్తదేమో అని. మొన్న కాల్‌ల నువ్వు జూడలే, అక్క నా దిక్కే ఏలు సాపింది. దగ్గరికి తెచ్చింది, ఇంకా దగ్గరికి తెచ్చింది. కాల్ కట్టయింది. నా ముక్కు కోసం సాపిందో, ఎర్ర బటన్ కోసం సాపిందో.

సరే, నీళ్లు కాగినయ్, ఫోన్ పక్కకు పెట్టి పిల్లనియ్యి. చెయ్యి తిరగేసి సూడు, సరిపోయినయా? ఓ నా బంగారు తల్లి, ఇది ఎవలి ముక్కే నీకు, మీ అమ్మది గాదు, మీ కోదాడోళ్లదీ గాదు. లేవే సప్పిడీ, లేవ్...

వద్దు తియ్యి, లేవకు. గట్లనే ఉండు. శ్రీరామరక్ష, నూరేండ్లు బతుకు. నువ్వు గూడ జర తల వంచు బిడ్డా, దోసిట్ల ఇంకిన్ని మిగిలినయ్...